సి భాషను మనుషులే తయారు చేశారని చెప్పండి

నర్సంపేటలో డిగ్రీ మూడో సంవత్సరం కంప్యూటర్స్ చదువుతున్న తమ్ముడు అడిగింది ఇది: "అక్టోబర్ 12 డెన్నిస్ రిచీ వర్ధంతి. మా కాలేజీలో అరగంట సంస్మరణ సభ పెడుతున్నాం. ఫొటోకి దండ, పది స్లైడ్లు, చివర్లో క్విజ్ అనుకున్నాం. తీరా స్లైడ్లు చేయబోతే ‘సి భాష కనిపెట్టారు, యూనిక్స్ తయారు చేశారు’ అన్న రెండు ముక్కల తర్వాత ఏమీ తోచట్లేదు. ఇంకేం చెప్పాలి?"

తమ్ముడూ, నేను హన్మకొండలో పాతికేళ్లకు పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సి భాష చెబుతున్నాను. ఆయన పేరు మీద ఒక డిగ్రీ కాలేజీలో సభ పెడుతున్నారంటేనే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తేదీ సంగతి. అక్టోబర్ 12న కన్నుమూశారని స్లైడ్ మీద వేయకండి. న్యూజెర్సీ రాష్ట్రంలోని బర్క్‌లీ హైట్స్‌లో ఆయన ఒంటరిగా ఉండేవారు. 2011 అక్టోబర్ 12న ఇంట్లో చనిపోయి ఉన్నట్టు తెలిసింది. అప్పటికి ఆయన వయసు 70. ఆయన పోయినట్టు తెలిసిన రోజు అని చెబితే చాలు.

ఆ రోజుల్లో మన దగ్గర సకల జనుల సమ్మె నడుస్తోంది. సెప్టెంబర్ 13న మొదలై అక్టోబర్ 24 దాకా సాగిన సమ్మె అది. ఆర్టీసీ బస్సులు డిపో గేటు దాటడం లేదు. సింగరేణిలో బొగ్గు ఆగి కరెంటు కోతలు విపరీతంగా ఉన్నాయి. మా కాలేజీలో క్లాసుల్లేవు. అంతకు వారం ముందే, అక్టోబర్ 5న, స్టీవ్ జాబ్స్ పోయారు. ఆ వార్త ఊరంతా తెలుసు. రిచీ సంగతి మాత్రం నాకు చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో తెలిసింది. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ఆయనతో కలిసి పనిచేసిన రాబ్ పైక్ గూగుల్ ప్లస్‌లో పెట్టిన నాలుగు వాక్యాలు చదువుతున్నాను, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని మొదలెట్టింది. "సార్, పని ఏదన్నా ఉంటే సేవ్ చేస్కోండి, పది నిమిషాలే" అన్నాడు సెంటర్ నడిపే తమ్ముడు. సేవ్ చేసుకోవడానికి నా దగ్గరేముంది? జేబులో ఉన్న రసీదు వెనక ఆయన పేరు, తేదీ రాసుకుని బయటికొచ్చేశాను.

సమ్మె అయిపోయి కాలేజీ తెరిచాక మొదటి క్లాసులో ఆ పేరు బోర్డు మీద రాశాను. "మీరు ల్యాబులో రోజూ రాసే సి ఈయన చేసిందే. ఈ నెలలోనే పోయారు" అని చెప్పాను. వెనక బెంచీలోంచి ములుగు వైపు నుంచి వచ్చే అబ్బాయి లేచి, "సార్, సి ని ఒక మనిషి తయారు చేసిండా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు వాడు. వాడి దృష్టిలో సి అంటే ఎక్కాల పుస్తకంలాగా ఎప్పట్నుంచో ఉన్నది. రూల్స్ ఉంటాయి, బట్టీ పట్టాలి, తప్పితే మార్కులు పోతాయి. ఆ రూల్స్ అన్నీ కొందరు మనుషులు ఒక్కోటీ ఆలోచించి, కొన్ని ఉంచి, కొన్ని తీసేసి, కొన్నిచోట్ల రాజీపడి పెట్టుకున్నవని వాడికి ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లుగా పాఠం చెబుతున్న నేనూ చెప్పలేదు.

మీ అరగంటకి నేనిచ్చే సలహా ఆ అబ్బాయి ప్రశ్నే. మనం ‘కనిపెట్టారు’ అంటాం. ఎక్కడో దాగి ఉన్నది ఆయన కంట పడినట్టు వినిపిస్తుంది ఆ మాట. సి ఎక్కడా దాగి లేదు. ఆయన దాన్ని కట్టారు. కట్టేటప్పుడు ఏం ఇబ్బంది వచ్చి ఏ ఇటుక ఎక్కడ పెట్టారో చెప్పగలిగితే స్లైడ్లు వాటంతటవే నిండుతాయి.

బయోడేటా ఒక్క నిమిషంలో ముగించండి. 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో చదివారు. 1967లో న్యూజెర్సీలోని మరే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో చేరారు. వాళ్ల నాన్నగారూ బెల్ ల్యాబ్స్ మనిషే. 1983లో తోటి ఉద్యోగి కెన్ థాంప్సన్‌తో కలిసి కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు, కన్నుమూసిన ఏడాదే, 2011లో, మళ్లీ ఆ ఇద్దరికీ జపాన్ ప్రైజ్. ఇక అసలు విషయంలోకి వెళ్లిపోండి.

మల్టిక్స్ అని ఒక భారీ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం, ఉండేది. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మొదలెట్టాయి. అది ఎంతకీ తెమలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. అప్పుడు కెన్ థాంప్సన్ పెద్దగా ఎవరూ వాడని పిడిపి-7 అనే చిన్న మిషన్ మీద తనకు నచ్చినట్టు ఒక సిస్టమ్ రాసుకోవడం మొదలెట్టారు. యూనిక్స్ అలా పుట్టింది. రిచీ మొదట్నుంచీ పక్కనే ఉన్నారు. కాబట్టి "యూనిక్స్ రిచీ తయారు చేశారు" అని ఒక్క పేరుతో రాయకండి. ఆయన బతికుంటే ముందు ఆ వాక్యమే దిద్దేవారని నా నమ్మకం.

ఆ సిస్టమ్‌లో ప్రోగ్రాములు రాసుకోవడానికి థాంప్సన్ బి అనే భాష చేసుకున్నారు. కేంబ్రిడ్జ్‌కి చెందిన మార్టిన్ రిచర్డ్స్ తయారు చేసిన బిసిపిఎల్‌ని కుదించి చేసిన భాష అది. ఇప్పుడు నేను చెప్పేది మీ సభకి గుండెకాయ, జాగ్రత్తగా వినండి. బి లో టైపులు లేవు. అంకె అయినా, అక్షరమైనా, అడ్రస్ అయినా అన్నింటికీ ఒకటే రకం గది, మిషన్ వర్డ్ (మిషన్ ఒకేసారి పట్టుకునే ముక్క) ఎంత ఉంటే అంత.

1970లో వాళ్లకి పిడిపి-11 వచ్చింది. డిస్క్ మాత్రం డిసెంబరు దాకా రాలేదు. అప్పటిదాకా ఆ మిషన్ 6×8 గళ్ల చదరంగం బల్ల మీద గుర్రం ప్రతి గడినీ ఒక్కసారే తొక్కి మొదటికి వచ్చే దారులు లెక్కబెడుతూ ఉండేదని రిచీయే రాశారు. మెమరీ 24 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు.

ఈ పిడిపి-11లో ప్రతి బైట్‌కీ, అంటే ఒక ఇంగ్లిష్ అక్షరం పట్టేంత చోటుకీ, సొంత అడ్రస్ ఉంది. బి కి మాత్రం వర్డ్ తప్ప ఇంకోటి తెలియదు. ఒక స్ట్రింగ్‌లోంచి, అంటే అక్షరాల వరుసలోంచి, ఒక్క అక్షరం కావాలంటే వర్డ్‌లో కుక్కి పెట్టిన దాన్ని ప్రత్యేకంగా ఒక ఫంక్షన్‌తో బయటికి తీయాలి, పని అయ్యాక మళ్లీ ఇంకో ఫంక్షన్‌తో లోపల సర్దాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి చూశారు కదా, అంతా బస్తాల లెక్క. గుప్పెడు కాయలు చూడాలన్నా బస్తా కుట్టు విప్పాలి, తీయాలి, మళ్లీ కుట్టాలి. ప్రతి అక్షరానికీ అదే తంతు. దానికితోడు బి లో పాయింటర్ (అడ్రస్ దాచుకునే గది) వర్డ్ నంబరు చెబుతుంది, మిషన్‌కి కావాల్సింది బైట్ నంబరు. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ప్రతి పాయింటర్‌నీ మార్చుకుంటూ పోవాలి.

1971లో రిచీ దీనికి మందు వేశారు. అంకెలకి ఇంట్ అనీ, అక్షరాలకి క్యార్ అనీ రెండు టైపులు పెట్టారు. ఒకటి పూర్తి గది, ఇంకోటి ఒక్క బైట్. దేన్ని ఎంత కొలతతో చూడాలో, మనం రాసిన ప్రోగ్రాంని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌కి ముందే తెలిసిపోతుంది. మొదట దీన్ని న్యూ బి అన్నారు. మారుతూ మారుతూ ఇక ఇది వేరే భాష అయిపోయిందనిపించాక సి అన్నారు. ఏ, బి, సి వరుసలో సి నా, లేక బిసిపిఎల్‌లో బి తర్వాత వచ్చే సి నా అన్నది ఆయన తేల్చకుండా వదిలేశారు. క్విజ్‌లో ఈ ప్రశ్న పెట్టండి, రెండు జవాబులకీ మార్కులివ్వండి.

ఫస్టియర్‌లో "క్యార్ సైజ్ ఎంత? ఒక బైట్" అని మనం ఒక్క మార్కు ప్రశ్నగా రాసేశాం. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న కథ ఇదంతా. అక్షరాన్ని తిన్నగా పట్టుకోవడం చేతకాని భాషతో విసిగిపోయి, పట్టుకోవడం వచ్చిన భాష చేసుకున్నారు.

స్ట్రక్చర్ కథ ఇంకా బాగుంటుంది. 1972లో థాంప్సన్ యూనిక్స్‌ని అప్పటి సి లో తిరగరాయాలని చూశారు. కుదరక వదిలేశారు. అప్పటికి సి లో స్ట్రక్చర్, అంటే స్ట్రక్ట్, లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే పట్టికల గుట్ట: నడుస్తున్న ప్రాసెస్‌ల (ప్రోగ్రాముల) పట్టిక, తెరిచిన ఫైళ్ల పట్టిక. ఒక్కో వరుసలో ఐదారు రకాల వివరాలు. వాటిని ఒక మూటగా కట్టే సౌకర్యం భాషలో లేకపోతే పని సాగదు. రిచీ స్ట్రక్ట్ చేర్చారు. 1973 వేసవిలో ఇద్దరూ కలిసి యూనిక్స్ కెర్నెల్‌ని, అంటే దాని లోపలి ముఖ్య భాగాన్ని, సి లోకి మార్చేశారు. చాలా ఏళ్ల తర్వాత ఆ కాలపు రెండు టేపులు బయటపడితే, వాటిలోని కంపైలర్ కోడ్‌ని రిచీయే తన పేజీలో అందరికీ పెట్టారు. ఒక టేపు పేరు ‘ప్రీస్ట్రక్ట్-సి’. కంపైలర్ కోడ్‌ని స్ట్రక్ట్‌లు వాడేలా మార్చబోయే ముందు దాచుకున్న కాపీ అది. దొరికితే అందులోంచి ఒక పేజీ తెర మీద చూపించండి, ఎంత తడుముకుంటూ నడిచారో కనిపిస్తుంది.

కెర్నెల్ సి లోకి రావడం ఎందుకంత పెద్ద మాట అని ఎవరైనా అడుగుతారు. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మామూలుగా ఆ ఒక్క మిషన్‌కే పనికొచ్చే అసెంబ్లీ భాషలోనే రాసేవాళ్లు. మిషన్ మారితే రాసిందంతా బూడిదలో పోసినట్టే. సి లో ఉంటే, కొత్త మిషన్‌కి కంపైలర్ ఒకటి చేసుకుని, కింద కొద్ది భాగం మార్చుకుంటే మిగతాది వెంట వచ్చేస్తుంది. 1977లో రిచీ, స్టీవ్ జాన్సన్ అదే చేసి చూపించారు, పిడిపి-11తో పోలికే లేని ఇంటర్‌డేటా 8/32 అనే మిషన్ మీదికి యూనిక్స్‌ని తీసుకెళ్లారు. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెల్. అది యూనిక్స్ కోడ్ కాదు, 1991లో లినస్ టోర్వాల్డ్స్ కొత్తగా మొదలెట్టింది. కానీ నమూనా యూనిక్స్‌ది, రాసిన భాష సి.

ఇప్పుడు ఆయన తప్పు ఒకటి చెబుతాను. సభలో తప్పు గురించి మాట్లాడితే మర్యాదగా ఉండదేమో అని అనుకోకండి, ఆయనే రాసుకున్నది ఇది.

సరి సంఖ్యో కాదో చూడమంటే మా పిల్లలు ఏటా ఒకరిద్దరు ఇలా రాస్తారు: ఇఫ్ (ఎక్స్ & 1 == 0). ఎక్స్ & 1 అంటే సంఖ్యలోని చివరి బిట్, సరి సంఖ్యకి అది సున్నా; == అంటే సమానమా అని అడగడం. చూడ్డానికి సరిగ్గానే ఉంది. నడిపితే ఏ సంఖ్య ఇచ్చినా బేసి అంటుంది. 4 ఇచ్చినా బేసే, 100 ఇచ్చినా బేసే. ఎందుకంటే సి ముందు 1 == 0 అన్నదాన్ని చూస్తుంది. అది అబద్ధం, అంటే సున్నా. ఎక్స్ & 0 ఎప్పుడూ సున్నాయే. కాబట్టి ఆ ఇఫ్ ఎన్నటికీ నిజం కాదు. బ్రాకెట్లు వేసి (ఎక్స్ & 1) == 0 అని రాయాలి. "బ్రాకెట్లు మర్చిపోతే మార్కులు కట్" అని ఎన్నేళ్లు చెప్పానో నేను.

ఇది ఎందుకలా ఉందో 1993లో సి పుట్టుక గురించి రాసిన వ్యాసంలో రిచీ చెప్పారు. బి లో && లేదు. ఇఫ్ లోపల ‘ఇదీ అదీ రెండూ నిజమైతే’ అనడానికి కూడా & నే వాడేవాళ్లు. అందుకని == ముందు జరగాలి, & తర్వాత. అప్పటికది సబబే. తర్వాత అలన్ స్నైడర్ సలహా మీద && (ఇదీ అదీ) ని, || (ఇదో అదో) ని విడిగా పెట్టానని రిచీ ఆయన పేరు చెప్పి మరీ రాశారు. అవి వచ్చాక & ని వరుసలో పైకి జరిపి ఉండాల్సింది. కానీ బి లో రాసిన పాత ప్రోగ్రాములని సి లోకి మార్చేవాళ్లకి ఇబ్బంది కలగకూడదని ఉన్నచోటే ఉంచేశారు. మార్చి ఉంటే బాగుండేదని ఆయనే ఒప్పుకున్నారు. అప్పట్లో పాత కోడ్ కొంచెమే. ఆ కొంచెం కోసం చేసిన సర్దుబాటు యాభై ఏళ్ల తర్వాత హన్మకొండ ల్యాబులో మా పిల్లల చేత తప్పు చేయిస్తోంది. ఇది చదివాక నేను ఆ తప్పుకి మార్కులు కోయడం మానేశాను, కథ చెప్పడం మొదలెట్టాను. కథ విన్న పిల్లలు మళ్లీ ఆ బ్రాకెట్లు మర్చిపోయినట్టు నాకు గుర్తులేదు.

అదే వ్యాసం చివర్లో సి గురించి ఆయన అన్నమాట: వింత పోకడలున్నది, లోపాలున్నది, అయినా బ్రహ్మాండంగా నెగ్గింది. సొంత బిడ్డ గురించి ఇంత సూటిగా చెప్పగలిగేవాళ్లు అరుదు. నాకు ఆయన మీద గౌరవం ఈ వాక్యంతోనే రెట్టింపైంది.

ఇంకో చిన్న ముక్క. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ కోడ్‌లో, ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారే చోట ఒక కామెంట్ ఉంటుంది. "ఇది మీకు అర్థం కావాలని మేం అనుకోవడం లేదు" అని దాని భావం. చాలామంది దాన్ని పొగరు అనుకున్నారు. ‘ఇది పరీక్షలో రాదులే’ అన్న ధోరణిలో పెట్టిన మాటే తప్ప సవాలు కాదని రిచీ తర్వాత వివరించారు. ఆ వెంటనే, అసలు సమస్యేంటంటే అక్కడ ఏం జరుగుతోందో మాకూ సరిగ్గా అర్థం కాలేదు అని కూడా చెప్పారు. అర్థం కాలేదని చెప్పడానికి మన పిల్లలు ఎంత సిగ్గుపడతారో నీకు తెలుసు కదా తమ్ముడూ. ఇది వాళ్లకి తప్పకుండా చెప్పు.

ఆయన పేరు ముందు డాక్టర్ అని వేయకండి. 1968 నాటికి హార్వర్డ్‌లో థీసిస్ రాయడమైతే పూర్తి చేశారు. బైండింగ్ చేయించి లైబ్రరీకి ఇవ్వాల్సిన కాపీ మాత్రం ఇవ్వలేదు, దాంతో పిహెచ్‌డి పట్టా రాలేదు. ఆ థీసిస్ చాలా ఏళ్లు ఎవరికీ దొరకలేదు. 2020లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం బయటపెట్టింది. ప్రాజెక్ట్ రిపోర్టులు పట్టుకుని కేయూ క్రాస్ రోడ్స్‌లో బైండింగ్ షాపుల చుట్టూ తిరిగే మన ఫైనలియర్ పిల్లలకి ఈ సంగతి బాగా ఎక్కుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. జాబ్స్‌కి అంత పేరు, రిచీకి ఇంతేనా అని బాధపడుతూ సభ నడపకండి. ఏటా అక్టోబర్‌లో ఆ పోలిక వస్తుంది. ఒకరి చావుని ఇంకొకరి చావుతో తూచడం నాకు నచ్చదు. పైగా ఆ పది నిమిషాలూ రిచీ చేసిన పని గురించి ఒక్క ముక్కా మాట్లాడరు. అదే నెల 24న, మన సమ్మె విరమించిన రోజే, లిస్ప్ భాష చేసిన జాన్ మెకార్తీ కూడా పోయారు. ఆయన పేరు మన క్లాసుల్లో అసలు వినపడదు. కావాలంటే వచ్చే ఏడాది ఆయనకీ ఒక సభ పెట్టండి.

ఇక ల్యాబు. మీ ల్యాబులో ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సి అనే పాత డాస్ కంపైలరే ఉండి ఉంటుంది. చాలాచోట్ల అదే ఉంది. వాయిడ్ మెయిన్, కోనియో.హెచ్, క్లియర్ స్క్రీన్ అని రికార్డులో రాయించే అలవాటు దాన్నుంచే వచ్చింది. 1978లో రిచీ, బ్రయన్ కెర్నిహాన్ కలిసి రాసిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకంలో ఇవేవీ లేవు. ఇంట్ అంటే రెండు బైట్లు అని బట్టీ పట్టిస్తారు, మీ ఫోన్లో నాలుగు వస్తుంది. ఆయన్ని తలుచుకునే రోజున ఆ డాస్ కంపైలర్ తెరవకండి. ఫోన్లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుని అందులో క్లాంగ్ అనే సి కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు.

అందులో అందరి ముందూ ఒక ప్రోగ్రాం రాయండి. కోట్స్ మధ్య తెలుగులో ‘వరంగల్’ అని టైప్ చేసి, స్టర్‌లెన్‌తో పొడవు ఎంతో ప్రింట్ చేయండి. రన్ నొక్కే ముందు ఎంత వస్తుందో పిల్లల్ని అడగండి. నాలుగు అంటారు. వేళ్లు మడిచి ‘వ, రం, గ, ల్’ అని లెక్కబెట్టి మరీ చెబుతారు. తెర మీద 18 పడుతుంది. మా క్లాసులో ఆ 18 చూసి ముందు బెంచీ అమ్మాయి "సార్, తప్పొచ్చింది" అంది.

తప్పు కాదు. కంప్యూటర్ లెక్కలో వ ఒకటి, ర ఒకటి, సున్నా ఒకటి, గ ఒకటి, ల ఒకటి, దాని పొల్లు ఒకటి, మొత్తం ఆరు. అక్షరాలని బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఆరు మూళ్లు పద్దెనిమిది. స్టర్‌లెన్ అక్షరాలు లెక్కబెట్టదు, రిచీ 1971లో పెట్టిన ఆ క్యార్‌లని లెక్కబెడుతుంది. ఆ యూటీఎఫ్-8ని 1992లో రాసింది కూడా అదే బెల్ ల్యాబ్స్‌లో థాంప్సన్, రాబ్ పైక్. మనం ఇవాళ ఫోన్లో తెలుగులో రాసుకుంటున్నామంటే అందులో ఆ ల్యాబ్స్ వాళ్ల చేయి ఉంది. ‘వరంగల్’ అయ్యాక ‘నర్సంపేట’ పెట్టి, రన్ చేయకముందే కాగితం మీద లెక్కగట్టమనండి. క్విజ్ కంటే ఇది బాగుంటుంది.

చివరగా ఫొటో. నెట్‌లో వెతికితే మొదట్లోనే ఒక నలుపు తెలుపు ఫొటో వస్తుంది: పిడిపి-11 ముందు టెలిటైప్ దగ్గర ఒకాయన కూర్చుని టైప్ చేస్తుంటారు, గడ్డంతో ఇంకొకాయన పక్కన నిలబడి చూస్తుంటారు. నిలబడ్డాయన రిచీ. నా ఉద్దేశంలో పెట్టాల్సిన ఫొటో అదే, ఇద్దరూ పనిలో ఉన్నది. అయితే దానికి దండ వేయకండి, కూర్చున్న థాంప్సన్ బతికే ఉన్నారు. దండ డబ్బులతో ఆ 1978 పుస్తకం రెండో ఎడిషన్ ఒకటి కొని, సభ అయ్యాక మీ లైబ్రరీ బీరువాలో కాకుండా ల్యాబు టేబుల్ మీద పెట్టండి.